నూజివీడు మీదుగా డాలస్‌కు

గన్నవరం విమానాశ్రయం నుంచి అమెరికాలో డాలస్‌కు తిన్నగా గీత గీస్తే 14,500 కిలోమీటర్లు. ఆగకుండా ఎగిరితే పదిహేడు గంటలు. మరి ఉయ్యూరులో ఇంటికి తాళం వేసుకుని బయల్దేరినవాళ్లు డాలస్ పక్క ఫ్రిస్కోలో కూతురింటి గడప తొక్కేసరికి రోజున్నర ఎందుకవుతోంది?

బెజవాడలో ఎవరినైనా ఆపి అమెరికా ఎటువైపని అడిగితే చెయ్యి పడమరకు చాపుతారు. ఇబ్రహీంపట్నం, హైదరాబాదు, దుబాయి, లండను. మనవాళ్లు వెళ్లొచ్చే దారి అదే కాబట్టి తప్పనలేం. కొడుకు కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు కొందరు తూర్పు చూపిస్తారు, సింగపూర్ మీదుగా వెళ్లొచ్చిన గుర్తు. ఒక గ్లోబు, ఒక దారం దొరికితే ఈ తగవు తేలిపోతుంది. దారం ఒక కొసను గన్నవరం మీద అదిమిపట్టి, రెండో కొసను డాలస్ దాకా బిగించి లాగండి. దారం పడమరకూ పోదు, తూర్పుకూ పోదు. తిన్నగా ఉత్తరానికి, నూజివీడు వైపు పోతుంది.

నూజివీడు మామిడితోటలను కుడిచేతి వైపు ఉంచుకుని, భద్రాచలానికి కాస్త పడమరగా గోదావరి దాటుతుంది. బస్తర్ అడవులు, ఆపైన కాన్పూరు దగ్గర గంగ. నేపాల్‌కూ ఉత్తరాఖండ్‌కూ సరిహద్దుగా పారే మహాకాళి నది మీదుగా హిమాలయాలెక్కి పశ్చిమ టిబెట్‌లోకి వెళ్తుంది. అక్కడ కైలాస శిఖరం కుడివైపు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. తర్వాత తక్లమకాన్ ఎడారి, కజకిస్థాన్‌లో బల్ఖాష్ సరస్సు తూర్పు కొస, సైబీరియా మంచు మైదానాలు. అక్కడితో ఆసియా అయిపోతుంది. ఆర్కిటిక్ మహాసముద్రం మీద ఉత్తర ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, అవతలి వైపు కెనడా ఉత్తర దీవుల్లో తేలుతుంది. హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డును ఒరుసుకుంటూ, మిన్నెసోటా, నెబ్రాస్కా, కాన్సస్, ఓక్లహోమాల మీదుగా డాలస్‌లో దిగుతుంది. ఏడు సముద్రాల అవతల అని మనం అనుకునే దేశానికి అతి దగ్గర దారిలో అడ్డొచ్చేది ఒక్క ఆర్కిటిక్ సముద్రమే.

ఇదేమీ గారడీ కాదు. గన్నవరం 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ధ్రువం దాటి అదే గీతను అవతలికి పొడిగిస్తే 99.2 డిగ్రీల పడమటి రేఖాంశం అవుతుంది. అది టెక్సాస్ నడిమధ్య నుంచి పోతుంది. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం ఆ గీతకు తూర్పున ఉజ్జాయింపుగా 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే కృష్ణా డెల్టాకు భూగోళం మీద అటువైపు గోడ టెక్సాసే. మన కాళ్ల కింద తవ్వుకుంటూ పోతే అమెరికా వస్తుందని చిన్నప్పుడు చెప్పుకున్న మాట మాత్రం తప్పు. బెజవాడ కింద తవ్వితే తేలేది పెరూకి పడమరగా దక్షిణ పసిఫిక్ నీళ్లలో.

గోడకు వేలాడే మ్యాపు చూసి పెరిగిన కంటికి ఇది నమ్మబుద్ధి కాదు. బత్తాయి తొక్కను ఒలిచి బల్లమీద చదును చేస్తే పైనా కిందా చిరుగులు పడతాయి కదా. ఆ చిరుగులు కనబడకుండా సాగదీసి అతికిందే మన బడిలో వేలాడిన మ్యాపు. అందులో ధ్రువం అనే చుక్క పైఅంచు పొడుగునా పాకిన గీత అయిపోతుంది. అందుకే దాని మీద స్కేలు పెట్టి గీసిన గీత నిజానికి చుట్టుదారి, వంపు తిరిగి కనబడేది దగ్గర దారి.

మిగతా ఊళ్ల లెక్కలు కూడా ఇక్కడే చెప్పేసుకుందాం. ఇవన్నీ గ్లోబు మీద తీసిన దూరాలు. గన్నవరం నుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కు దాదాపు 13,150 కిలోమీటర్లు. షికాగోకు 13,400. శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,500. డాలస్‌కు 14,500. ఈ నాలుగింటిలో డాలసే అన్నిటికన్నా దూరం. అయినా అక్కడే ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలు తెలుగు పేటల్లా తయారయ్యాయి. అక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్లు నెలనెలా సాహిత్య సభ నడుపుతారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనాభా లెక్కలు చెప్పాయి. ఆ పెరుగుదలలో కృష్ణా, గుంటూరు జిల్లాల వాటా ఎంతో చెప్పే లెక్క కావాలంటే గన్నవరంలో సాయంత్రం పూట సూట్‌కేసుల మీద అంటించిన చీటీలు చదవాలి.

గీత మీద ఎవరూ ఎగరరు

పధ్నాలుగున్నర వేల కిలోమీటర్లు ఈ రోజుల్లో విమానానికి అందని దూరం కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆగకుండా వెళ్లే ఫ్లైటు ఉంది. పద్దెనిమిది గంటలు దాటుతుంది. కాబట్టి నూజివీడు దారిలో ఎగరలేకపోవడానికి అడ్డు దూరం కాదు.

మొదటి అడ్డు టిబెట్. ఆ పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర కిలోమీటర్లు. విమానం లోపల గాలి పీడనం ఉన్నట్టుండి పడిపోతే పైలట్ పది వేల అడుగులకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. అక్కడైతే మనిషి మామూలుగా ఊపిరి పీల్చుకోగలడు. మన నెత్తి మీద జారిపడే పసుపు మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంటకు అటూఇటూ వస్తుంది. టిబెట్ మీద మూడు కిలోమీటర్లకు దిగితే నేలలోకి దిగినట్టే. అందుకే ప్రపంచంలో విమానాల దారులన్నీ ఆ పీఠభూమిని చాలామటుకు పక్కకు తప్పుకునే పోతాయి.

రెండోది ధ్రువం. అక్కడ అయస్కాంత దిక్సూచి పనికిరాదు, లెక్క అంతా అసలు ఉత్తరం ప్రకారం కట్టుకోవాలి. బయట చలికి రెక్కల్లో ఇంధనం చల్లబడుతూ పోతుంది. మామూలు జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి పైలట్ కన్ను ఆ ముల్లు మీదే ఉండాలి. అవసరమైతే కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి. ఏదైనా తేడా వస్తే దిగడానికి దరిదాపుల్లో విమానాశ్రయం కావాలి, దిగాక ప్రయాణికులు చలికి చావకుండా ఏర్పాటు కావాలి. ఇవన్నీ కుదుర్చుకునే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా తొలి ఫ్లైటు నడిపింది. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావనే, శివానీ మన్హాస్ ఉన్నారు. దాదాపు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటలు. మన గన్నవరం–డాలస్ గీతకు దగ్గరి చుట్టం ఆ దారి.

చలి ప్రాంతంలో దిగాల్సి రావడం కాగితం మీది భయం కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు. ఆ ఊళ్లో అంతమందికి హోటళ్లు లేవు, బడుల్లో పడుకోబెట్టారు. మరో విమానం వెళ్లి తీసుకుపోయేదాకా అక్కడే.

మూడోది దేశాల తగాదా. ఆకాశంలో గోడలు ఉండవంటారు గానీ పాసుపోర్టు కన్నా గట్టి గోడలు ఉంటాయి. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీలకు రష్యా గగనతలం మూసేసింది. 2025 ఏప్రిల్ నుంచి భారతీయ కంపెనీలకు పాకిస్థాన్ మూసేసింది. ఢిల్లీలో ఎక్కి అమెరికాలో దిగాల్సిన విమానాలు కొన్ని మధ్యలో వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనం పోసుకోవలసి వచ్చింది. పటంలో ఒక్క సెంటీమీటరు మారకుండా ప్రయాణం గంటలకొద్దీ పెరిగింది.

గాలి ఎటు వీస్తే

విమాన ప్రయాణం లెక్కలో ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి కాసేపు అలా ఉంటే అమెరికా దానంతటదే కిందికి వచ్చేయాలి కదా అని. పెద్దవాళ్లు కూడా అడుగుతారు, సిగ్గుపడక్కర్లేని ప్రశ్నే. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది. విమానం ఆ గాలిలోనే ఉంది. రైల్లో కూర్చుని బంతి పైకెగరేస్తే అది మన ఒళ్లోనే పడుతుంది గానీ వెనక బోగీలో పడదు.

అసలు తేడా తెచ్చేది వేరే గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు నదిలా పారే గాలి ఒకటుంది, దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది మరీ ఉధృతం. ఎదురెళ్తే విమానం వేగం కోస్తుంది, వెంట వస్తే తోస్తుంది. గల్ఫ్ నుంచి డాలస్ వెళ్లడానికి దాదాపు పదహారు గంటలు పడితే తిరుగు ప్రయాణానికి గంటకు పైగా తక్కువ పడుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ గాలిని ఇంకా తెలివిగా వాడుకుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా వెళ్లే 13,900 కిలోమీటర్ల దారి వదిలేసి, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు ఎగిరింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ. పట్టిన సమయం పద్నాలుగున్నర గంటలు, అంటే పాతదారి కన్నా రెండు గంటలు తక్కువ. దూరం చూసి సమయం చెప్పే యాప్‌లన్నీ ఈ చోటే బోర్లా పడతాయి. అవి కిలోమీటర్లను గంటకు తొమ్మిది వందలతో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలిపి ఊరుకుంటాయి.

కాలువ పక్కన రన్‌వే

డెల్టాకు దూరప్రయాణం కొత్త కాదు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ లండను వదిలి, ఆఫ్రికా చుట్టి, బందరు రేవు చేరడానికి ఆర్నెల్లకు పైనే పట్టింది. ఆనకట్ట వచ్చాక కాలువల్లో పడవలు నడిచాయి. బెజవాడ నుంచి ఏలూరు కాలువ పట్టుకుని గోదావరి కాలువల్లోకి సరుకూ మనుషులూ నీళ్ల మీదే వెళ్లేవాళ్లు. గోదావరి డెల్టాలో, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరాడు. 1948లో అమెరికాలోనే పోయాడు, మళ్లీ ఈ గట్టు తొక్కలేదు.

రెండో ప్రపంచయుద్ధం నాటి సైనిక విమానాల దిగుడుబయలు గన్నవరం. అంతర్జాతీయ సంకేతాల్లో దాని పేరు ఇప్పటికీ విఓబిజెడ్, చివరి రెండక్షరాలూ పాత బెజవాడవి. చాలాకాలం చిన్న విమానాల ఊరే. రాష్ట్రం విడిపోయాక ఉన్నట్టుండి రాజధాని విమానాశ్రయమైంది. 2017లో కొత్త టెర్మినల్, అదే ఏడాది అంతర్జాతీయ హోదా. రన్‌వే 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెరిగి 2021లో వాడకంలోకి వచ్చింది. అందుకు భూములిచ్చింది కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు. వందేళ్లకు పైగా పడవలు నడిచిన ఏలూరు కాలువను మళ్లించాలన్న మాట కూడా ఈ విస్తరణతోనే వచ్చింది.

3,360 మీటర్లు అమెరికా ఫ్లైటుకు చాలుతాయా? ఇక్కడ ఎండ సంగతి చెప్పాలి. బోయింగ్ 777-300ఈఆర్ గరిష్ఠంగా 351 టన్నులతో లేవగలదు. అందులో నిండా పోస్తే ఇంధనమే 145 టన్నులు. అంటే దూరం వెళ్లే విమానం మనుషులను మోయడం కన్నా తన తిండిని తాను మోసుకోవడమే ఎక్కువ. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది. అదే బరువుతో లేవాలంటే ఇంకా పరుగెత్తాలి. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు తాకే బెజవాడలో, 'బ్లేజ్‌వాడ' అని తెల్లదొరలు ఎగతాళి చేశారని చెప్పుకునే ఊళ్లో, ఇది చిన్న విషయం కాదు. హైదరాబాదు శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. గన్నవరం నుంచి పెద్ద విమానం లేవలేదని కాదు, రాత్రిపూట, సరిపడా బరువుతో లేస్తుంది. నిండు ట్యాంకుతో మే మధ్యాహ్నం లేవాలంటేనే ఇబ్బంది.

అయినా అసలు చిక్కు సీట్లు నిండటం. రోజూ మూడొందల మంది, అందులో ముందు వరుసల్లో లక్షలు పోసి కూర్చునేవాళ్లు కొందరు, ఏడాది పొడుగునా దొరికితేనే అంత దూరం ఫ్లైటు గిట్టుబాటు. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా మొదలైన ఫ్లైటే నిలవలేదు. గన్నవరం నుంచి సింగపూర్‌కు 2018 డిసెంబరులో ఇండిగో మొదలుపెట్టింది, రాష్ట్రప్రభుత్వం నష్టం భరిస్తానని హామీ ఇచ్చింది. 2019లో ఆ ఆసరా పోగానే ఫ్లైటూ పోయింది. 2025 నవంబరులో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో 2022లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు మొదలుపెట్టింది.

ఎనిమిది శాతం

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. గన్నవరం నుంచి హైదరాబాదు 264 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి దుబాయి 2,550. దుబాయి నుంచి డాలస్ 12,900. మొత్తం 15,700 పైచిలుకు. ధ్రువం మీది గీత 14,500. టిబెట్, రష్యా, గిట్టుబాటు, అన్ని తంటాలూ తప్పించుకుని రెండుచోట్ల దిగి ఎక్కినా పెరిగే దూరం ఎనిమిది శాతం. గంటన్నర ఎగురుడు కూడా కాదు.

ఇంకో చిత్రం. గన్నవరం నుంచి దుబాయికి తిన్నగా గీస్తే 2,810 కిలోమీటర్లు. హైదరాబాదులో దిగి వెళ్తే పెరిగేది రెండు మూడు కిలోమీటర్లే. శంషాబాద్ సరిగ్గా దారిలోనే ఉంది. ఆ మజిలీ మన దూరాన్ని ఏమీ పెంచడం లేదు. ఐదారు గంటలు మాత్రం మింగుతోంది.

ఒక ప్రయాణం వేసి చూద్దాం. ఇది ఏ కంపెనీ టైంటేబులూ కాదు, చలికాలంలో మామూలుగా కుదిరే అమరిక. సోమవారం సాయంత్రం ఆరింటికి ఉయ్యూరులో కారెక్కుతారు. రాత్రి తొమ్మిదికి గన్నవరంలో లేచి పదికి శంషాబాద్. తెల్లవారుజామున నాలుగుకు అక్కడ లేస్తే దుబాయిలో స్థానిక సమయం ఉదయం ఆరున్నర. తొమ్మిదిన్నరకు డాలస్ ఫ్లైటు. పదహారు గంటల తర్వాత దిగేసరికి అక్కడ మంగళవారం మధ్యాహ్నం మూడున్నర. ఇమిగ్రేషన్, పెట్టెలు, ట్రాఫిక్ దాటుకుని ఫ్రిస్కోలో ఇంట్లో కాలుపెట్టేది ఆరున్నరకు. గడియారాల తేడా తీసేసి లెక్కేస్తే ముప్పై ఆరు గంటలు. అందులో గాల్లో ఉన్నది ఇరవై ఒకటి. మిగతా పదిహేనూ నేల మీద, కుర్చీల్లో, క్యూల్లో.

అందుకే గన్నవరం నుంచి డాలస్‌కు డైరెక్ట్ ఫ్లైటు కావాలని సభల్లో అడిగినప్పుడల్లా నాకు అది అడగాల్సిన కోరిక కాదనిపిస్తుంది. కావలసింది దుబాయి, దోహా లాంటి ఒక పెద్ద కూడలికి గన్నవరం నుంచి నేరుగా ఒక్క ఫ్లైటు. డాలస్ దాకా ఒకే టికెట్, పెట్టెలు డాలస్‌లోనే చేతికి రావాలి. మామూలు సైజు విమానం చాలు, ఉన్న రన్‌వే చాలు. షార్జా ఫ్లైటు దీనికి పనికిరాదు. షార్జాలో దిగి దుబాయి విమానాశ్రయానికి మారాలంటే ఆ దేశం వీసా, టాక్సీ, మళ్లీ చెకిన్. పటంలో పక్కపక్కనే ఉన్న రెండు విమానాశ్రయాలు ఇలాంటప్పుడు ఎంతో దూరమైపోతాయి.

హాల్లో కాటా

ప్రయాణం టికెట్ కొన్న రోజున మొదలు కాదు. 2008 దాకా అమెరికా వీసాకు డెల్టా జనం చెన్నై వెళ్లేవాళ్లు. పినాకిని రైలు పొద్దున్నే ఎక్కి, బంధువులింట్లోనో లాడ్జీలోనో దిగి, మర్నాడు తెల్లారక ముందే కాన్సులేటు గోడ పక్కన నిలబడటం ఒక తరానికంతా గుర్తే. 2008లో బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరిచాక ఆ దారి హైదరాబాదుకు మళ్లింది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది.

ఇక సామాను. అమెరికా టికెట్ మీద మామూలుగా మనిషికి ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు. బెజవాడలో పచ్చళ్ల దుకాణంలో 'అమెరికాకి' అంటే చాలు, ఎంతమందికని కూడా అడగరు. ఆవకాయ, గోంగూర డబుల్ ప్యాకింగ్ చేసి, అంచులు వేడితో అతికించి, పైన మరో కవరు తొడిగి ఇస్తారు. బందరు లడ్డూ, ఆత్రేయపురం పూతరేకులు చేతిసంచిలోకి. పూతరేకులు పెట్టెలో పెడితే డాలస్‌లో దిగేది పొడి. పచ్చి కరివేపాకు పనికిరాదు, అమెరికాలో నిమ్మజాతి తోటలకు పురుగు పట్టిస్తుందని ఆపేస్తారు. చికెన్ పచ్చడి అసలే వద్దు. చెప్పకుండా పట్టుకెళ్లి దొరికితే జరిమానా.

ప్రయాణానికి ముందు రాత్రి హాలు మధ్యలో కాటా ఉంటుంది. పెట్టెను కొక్కేనికి తగిలించి అల్లుడు ఎత్తుతాడు, మామగారు కళ్లజోడు పెట్టుకుని అంకె చదువుతాడు. ఇరవై నాలుగు పాయింట్ రెండు. చీరలు తీయాలా, కారప్పొడి తీయాలా? ఎప్పుడూ చీరలే బయటికొస్తాయి. కిటుకు తెలియనివాళ్లు గన్నవరం నుంచి హైదరాబాదుకు విడిగా చౌక టికెట్ కొంటారు. ఆ టికెట్ మీద పదిహేను కిలోలే. మిగతా ముప్పై ఒక్క కిలోలకు కౌంటర్ దగ్గర కట్టే డబ్బుతో కారు మాట్లాడుకుని శంషాబాద్ వెళ్లిపోవచ్చు. చాలామంది అదే చేస్తారు. సూర్యాపేట దగ్గర టీ తాగి, సాగనంపడానికి మరో నలుగురిని ఎక్కించుకుని, ఐదారు గంటల్లో చేరతారు.

విడి టికెట్‌తో ఇంకో ప్రమాదం పొగమంచు. సంక్రాంతికి ముందూ వెనకా డెల్టాలో తెల్లవారుజామున కాలువల మీదా కోసిన చేల మీదా మంచు కమ్ముకుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన విమానం గన్నవరం పైన రెండు చుట్లు తిరిగి వెనక్కి పోయిన రోజులు ప్రతి చలికాలం ఉంటాయి. అమెరికా దాకా ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి ఫ్లైటులో చోటు చూపించాల్సిన బాధ్యత కంపెనీది. విడిగా కొన్నవాళ్లకు శంషాబాద్‌లో ఫ్లైటు తప్పితే, డాలస్ టికెట్ డబ్బు మీద ఆశ వదులుకోవడమే. చలికాలంలో వెళ్లేవాళ్లు గన్నవరంలో పొద్దుటి ఫ్లైటు నమ్ముకోకూడదు. ముందు రోజు సాయంత్రమే హైదరాబాదు చేరిపోవాలి.

కూతురి పురుడుకు, కొడుకు గృహప్రవేశానికి వెళ్లే అమ్మానాన్నల్లో చాలామంది నడవగలిగి కూడా వీల్‌చైర్ అడుగుతారు. మోకాళ్ల కోసం కాదు. దుబాయిలో ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు దారి చూపించే మనిషి కోసం. ఇంగ్లిషు చదవలేని మనిషికి విమానాశ్రయంలో వీల్‌చైరే దుబాసీ. సిబ్బంది విసుక్కుంటారు, పత్రికల్లో వెక్కిరింపులు వస్తుంటాయి. చేయి పట్టి నడిపించే సాయం అని వేరే ఒకటి పెట్టి తెలుగు వచ్చిన మనిషిని ఇస్తే కుర్చీలన్నీ నిజంగా అవసరమైనవాళ్లకు మిగులుతాయి. డాలస్‌లో అధికారి అడిగేది రెండు మూడు ప్రశ్నలే: ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు వెళ్తారు. తిరుగు టికెట్ కాగితం మడత విప్పి చూపిస్తే ఆ గండం గడిచినట్టే.

సోమవారం ఎటు పోయింది

మన దేశమంతటి గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్క నుంచే పోతుంది. బెజవాడకూ దానికీ సూర్యుడి లెక్కలో ఏడు నిమిషాలే తేడా. అంటే డెల్టాలో గడియారం పన్నెండు కొట్టినప్పుడు నిజంగానే ఎండ నడినెత్తికి వచ్చి ఉంటుంది. డాలస్ భూగోళానికి అటువైపు గోడ కాబట్టి అక్కడ అప్పుడు అర్ధరాత్రి. లెక్కప్రకారం చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. ఏడాదికి రెండుసార్లు అక్కడివాళ్లు గడియారం ముళ్లు జరుపుకుంటారు, ఇక్కడి అమ్మలు ఫోను చేసే వేళ జరుపుకుంటారు. ఇక్కడ పొద్దున ఎనిమిదికి అక్కడ నిన్నటి రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో.

ఒంట్లో గడియారం రోజుకు గంటో గంటన్నరో మాత్రమే సర్దుకుంటుంది. పదకొండున్నర గంటలంటే పగలూ రాత్రీ పూర్తిగా తలకిందులు. అందుకే డాలస్ వెళ్లిన పెద్దవాళ్లు వారం పది రోజులు రాత్రి రెండింటికి లేచి వంటింట్లో లైటు వేస్తారు. అల్లుడు దొంగలనుకుంటాడు. ఎండలో తిరగడం, పగలు పడుకోకపోవడం తప్ప మందు లేదు.

వెళ్లేటప్పుడు క్యాలెండరులో రోజు కలిసొచ్చినట్టు ఉంటుంది. వచ్చేటప్పుడు పోతుంది. డాలస్‌లో ఆదివారం మధ్యాహ్నం ఎక్కినవాళ్లు గన్నవరంలో దిగేది మంగళవారం ఉదయం ఎనిమిదికి. సోమవారం మొత్తం విమానాల్లోనూ దుబాయి కుర్చీల్లోనూ అయిపోతుంది. సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది సరదా కాదు. పొద్దున వేసుకోవలసిన మాత్ర ఏ ఊరి పొద్దున ప్రకారం? రాత్రి ఇన్సులిన్ ఏ రాత్రి? విమానంలో తెచ్చిపెట్టే తిండి ఏ పూటదో కూడా తెలియదు. ఊళ్లో డాక్టరుగారికి టికెట్ చూపించి, ఎన్ని గంటలకోసారి ఏ మాత్రో బయల్దేరే ముందే తెలుగులో కాగితం మీద రాయించుకోవాలి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో పెట్టకూడదు, సామాను అరలో చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. చేతిసంచిలో, మందుల చీటీతో కలిపి, పూతరేకుల పక్కన కాకుండా పై అరలో సులువుగా అందేచోట పెట్టుకోవాలి.